రెండున్నరేళ్లు గానుగ శనక్కాయ నూనె వాడాక: రిపోర్టు ముందు మారింది, నడుము చాలా ఆలస్యంగా కదిలింది

మాది ఒంగోలు, ఇంట్లో నలుగురం. అంతకుముందు పామాయిలే వాడేవాళ్లం, నెలకి ఐదు లీటర్లు. నాకు రక్త పరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 158, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే కొవ్వు) 236 వచ్చినప్పుడు డాక్టరు గారు మాత్రలు ఇప్పుడే వద్దు, ముందు తిండి సంగతి చూసుకోమన్నారు. ఆ వారమే గానుగకి పోయి కళ్లముందు ఆడించిన శనక్కాయ నూనె తెచ్చుకున్నా. అప్పటినుంచీ అదే.

వంటకి దీనికి వంక పెట్టలేను. మొదట్లో మూకుట్లో నురుగు వస్తుంది, కంగారు పడొద్దు. అడుగున మడ్డి దిగుతుంది కాబట్టి రెండు రోజులు కదపకుండా ఉంచి పైతేట వంచుకోవాలి. ధర మాత్రం పామాయిల్‌కి రెండింతల పైనే.

రెండు నూనెల తేడా నాకు కంటికి కనపడింది సంక్రాంతి ముందు చలిలో. డబ్బాలో మిగిలిన పామాయిల్ తెల్లారేసరికి అడుగున నెయ్యిలా తెల్లగా పేరుకుంది, పక్కనే శనక్కాయ నూనె తేటగా అలాగే ఉంది. అలా పేరుకునేది ఎక్కువగా సంతృప్త కొవ్వే. వంటకి వాడే పామాయిల్‌లో అది 40 శాతం పైనే ఉంటుంది, శనక్కాయ నూనెలో 20 లోపే, మిగతాది చాలావరకు ఓలిక్, లినోలిక్ ఆమ్లాలు, అంటే అసంతృప్త కొవ్వులు. సంతృప్త కొవ్వు ఎక్కువ తింటే, రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కునే లివర్ గ్రాహకాలు మందగిస్తాయి, ఆ ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతుంటుంది.

ఏడాదికి ఎల్‌డీఎల్ 144కి దిగింది, మాత్రలు లేకుండానే. సంతోషమే. కానీ ట్రైగ్లిజరైడ్స్ 229, నడుము అదే 39 అంగుళాలు. దిగులేసింది నిజంగా.

మంచి నూనె కదా అని మేం ధారగానే పోస్తూ వచ్చాం. ఏ నూనె అయినా గ్రాముకి 9 కేలరీలే, గానుగదైతే తగ్గదు. ఐదు లీటర్లు నలుగురికి పంచితే మనిషికి రోజుకి దాదాపు 38 గ్రాములు, అంటే 340 కేలరీలు ఒక్క నూనె నుంచే. స్వీడన్‌లో ఉప్సాలా యూనివర్సిటీవాళ్లు 39 మంది యువతీయువకులకి ఏడు వారాలు అదనంగా మఫిన్లు తినిపించి చూశారు, కొందరికి పామాయిల్‌తో, కొందరికి సన్‌ఫ్లవర్ నూనెతో చేసినవి. 2014లో వచ్చింది ఆ పరిశోధన. బరువు రెండు గుంపులకీ ఒకేలా, కిలోన్నర పైన పెరిగింది. పామాయిల్ వాళ్లకి మాత్రం లివర్‌లో, పొట్ట లోపల కొవ్వు ఎక్కువ చేరింది. అంటే నూనె రకాన్ని బట్టి కొవ్వు చేరే చోటు మారొచ్చు గానీ, ఎక్కువ తింటే బరువు మాత్రం ఆగదు.

అప్పుడు నూనె నెలకి రెండున్నర లీటర్లకి తగ్గించాం, పొద్దున్నే చిన్న స్టీలు గిన్నెలో ఆ రోజుకి సరిపడా కొలిచి పెట్టుకోవడమే. అమ్మ ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది, "పైన నూనె తేలకపోతే అది చేపల పులుసేంది నాయనా" అనేది. రాత్రి అన్నం కూడా సగం చేశా, ఎందుకంటే మిగిలిపోయిన పిండిపదార్థాన్ని లివర్ కొవ్వుగా మార్చి ట్రైగ్లిజరైడ్స్ రూపంలో రక్తంలోకి వదులుతుంది. కొత్తపట్నం నుంచి వచ్చే కానాగంత చేపలు వారానికి రెండుసార్లు, వేపుడు కాదు, పులుసే. వాటిలోని ఒమేగా 3 అనే కొవ్వు ట్రైగ్లిజరైడ్స్‌ని తగ్గిస్తుంది.

మొన్నటి రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ 162, ఎల్‌డీఎల్ 139, నడుము 36న్నర. ఇందులో నూనె వాటా ఎంత, అన్నం వాటా ఎంత అని విడదీయలేను, రెండూ ఒకేసారి తగ్గించా కాబట్టి.

ఒక్క జాగ్రత్త. ఒకసారి వీలుకాక వేరే కొట్లో గానుగ నూనె అంటే నమ్మి ఐదు లీటర్లు కొన్నా, నెల తిరక్కముందే ముక్కిన వాసన. మొత్తం పారబోశాం. ఇప్పుడు ఎప్పటికప్పుడు రెండు లీటర్లే ఆడించుకుని, స్టీలు క్యానులో పోసి, పొయ్యికి దూరంగా చీకటి అలమరలో పెడుతున్నాం.