‘దేశవాళీ పూల విత్తనాలు’ అని అమ్మే ప్యాకెట్లతో జాగ్రత్త

తొలకరికి చల్లుకుందామని ఆన్‌లైన్‌లో ‘సీతాకోకచిలుకల తోట, అచ్చమైన దేశవాళీ రకాలు’ ప్యాకెట్టు తెప్పించుకోబోతున్నవాళ్లు కాస్త ఆగండి. నేను తెప్పించిన ప్యాకెట్టు అట్ట మీద తంగేడు, తుమ్మి బొమ్మలున్నాయి. మొలిచినవి కాస్మోస్, జిన్నియా. రెండూ మెక్సికోవి. తంగేడు ఒక్కటంటే ఒక్కటి లేదు.

అమ్మినాయన్ని అడిగితే, “వాటి మీదా సీతాకోకచిలుకలు వాలతాయి కదండీ” అన్నాడు. వాలతాయి, తేనె తాగి పోతాయి. మరి గుడ్లెక్కడ పెట్టాలి? వాటి గొంగళిపురుగులు ఏ ఆకు పడితే ఆ ఆకు తినవు. ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకకి జిల్లేడు కావాలి, మాటిల్డ్ ఎమిగ్రెంట్ అనేదానికి తంగేడు కావాలి. తంగేడు పువ్వుదైతే ఇంకో తమాషా. పుప్పొడి కేసరాల కొసన ఉన్న సన్నటి రంధ్రాల్లోంచే రావాలి. తుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకుని ఝుమ్మని అదిరిస్తేనే రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు.

బంతి కూడా మెక్సికో నుంచి వచ్చిందే, దాని మీద నాకేం కోపం లేదు. కాస్మోస్‌ని కాస్మోస్ అనే అమ్మమనండి, కావలసినవాళ్లు కొనుక్కుంటారు.

అంతకంటే భయపెట్టింది కొన్ని గింజలకున్న గులాబీ రంగు పూత. మందు పట్టించిన విత్తనాలకు అలా రంగు వేస్తారు. ఏం మందో అట్ట మీద లేదు, అడిగితే “ఉత్త రంగేనండీ” అని తేల్చేశాడు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందైతే మొక్కంతా పాకి పుప్పొడిలోకీ, పూల తేనెలోకీ చేరుతుంది. తేనెటీగలకు ముప్పని 2018లో యూరోపియన్ యూనియన్ దాన్ని ఆరుబయట పంటల్లో వాడొద్దంది. పురుగుల కోసం తోట వేసి వాటికే విషం పెట్టడమన్నమాట! డబ్బు వెనక్కివ్వమంటే బదులుగా లాంటానా మొక్కలిస్తానన్నాడు. అడవుల్ని కమ్మేస్తున్న ఆ కంపనా!

కొనేముందు శాస్త్రీయ నామాలు రాసిమ్మనండి: తంగేడుకి సెన్నా ఆరిక్యులేటా, తుమ్మికి ల్యూకస్ ఆస్పెరా. ‘వైల్డ్‌ఫ్లవర్ మిక్స్’ అని మాట దాటేస్తే వదిలేయండి. సూదుల్లా సన్నగా, నల్లగా ఉన్న గింజలు కనిపిస్తే కాస్మోస్ అని అనుమానించండి. అయినా తంగేడు కోసం కొనడమెందుకు? ఎండిన కాయలు రోడ్డు పక్కనే దొరుకుతాయి. గింజ పెంకు గట్టిది, వేడినీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి నాటండి.

ఇప్పటికే కొని మోసపోయినవాళ్లు బిల్లూ, అట్టా పారేయకుండా ఫొటోలు తీసి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయండి.