పుట్టుమచ్చ లేని ఆడిషన్ ఫొటోలు: బరంపురం స్టూడియో ప్యాకేజీ, చాలాకాలం వాడాక

ఈ ఫొటోల మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఒడిశాలోని బరంపురంలో, పెళ్లిళ్ల ఫొటోలు తీసే ఒక స్టూడియోలో తీయించినవి. తెలుగు వేషాల కోసం హైదరాబాద్‌కీ, ఒడియా సీరియళ్ల కోసం భువనేశ్వర్, కటక్‌లకీ ఇవే పంపుతూ వస్తున్నాను. తీసినాయన ఓపిక గలవాడు, పని తెలిసినవాడు. రేటు విశాఖ కన్నా బాగా తక్కువ. కానీ ఎడిటింగ్‌లో నా ఎడమ దవడ మీది పుట్టుమచ్చ చెరిపేశారు. ముందే వద్దని చెప్పినా చెరిపేశారు. ఆ ఒక్క పనితో సెట్‌లో సగం ఫొటోలు పనికిరాకుండా పోయాయి. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

ముందు బాగున్న సంగతి. పెళ్లి స్టూడియోల్లో అలవాటుగా రెండు గొడుగు లైట్లు చెరో పక్కా సమానంగా పెడతారు. అలా పెడితే మొహం అప్పడంలా చదునుగా పడుతుంది, కళ్లలో రెండేసి చుక్కలు మెరుస్తాయి. ఈయన అడగ్గానే ఒక లైటు ఆపేశాడు. ఒక్క సాఫ్ట్‌బాక్స్‌ని (వెలుగుని మెత్తగా పరిచే గుడ్డ పెట్టె) 45 డిగ్రీల కోణంలో, కంటి ఎత్తుకి కొంచెం పైన పెట్టి, రెండో పక్క తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టాడు. వెనక బూడిదరంగు పేపరు, దానికీ నాకూ మధ్య అయిదారడుగుల దూరం. దాంతో నీడ పేపరు మీద పడలేదు. దవడ గీత, ముక్కు ఆకారం చక్కగా తేలాయి. గోడకి ఆనుకుని నిలబెట్టే స్టూడియోలే మన ఊళ్లో ఎక్కువ. ఆకుపచ్చ గోడైతే ఆ రంగు చెంప మీదికి కూడా వచ్చేస్తుంది. ఈ విషయంలో ఆయనకి పూర్తి మార్కులు వేస్తాను.

వెనకంతా కరిగిపోయినట్టుండే ఆ బ్లర్ కూడా మొదట్లో తెగ నచ్చింది. వాడగా వాడగా దాని ఖరీదు తెలిసింది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 85 ఎం.ఎం. లెన్స్ పెట్టి, ఎఫ్/1.8లో, అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి, ఆరడుగుల దూరం నుంచి తీశాడు. ఆ లెక్కన షార్ప్‌గా పడే లోతు సుమారు రెండంగుళాలే. నేరుగా కెమెరాలోకి చూస్తే పరవాలేదు, రెండు కళ్లూ ఒకే దూరంలో ఉంటాయి. మొహం పక్కకి తిప్పగానే ఒక కన్ను దగ్గరగా, ఇంకోటి దూరంగా వెళ్తుంది. ఫోకస్ కనుబొమ్మ మీదో చెవి మీదో పడిందంటే కళ్లు మసకబారతాయి. అదే రంధ్రాన్ని ఎఫ్/5.6కి తగ్గిస్తే ఆ లోతు ఆరంగుళాల దాకా పెరుగుతుంది. ఫ్లాష్ వెలుగు చాలినంత ఉన్న గదిలో, వెనక ఉన్నది ఉత్త బూడిదరంగు పేపరే అయినప్పుడు, ఎఫ్/1.8తో పనే లేదు.

అసలు గొడవ ఇక్కడే మొదలైంది. కాస్టింగ్ వాళ్లు, అంటే వేషాలకి మనుషుల్ని ఎంచేవాళ్లు, మామూలుగా అడిగేవి ఇవి: నేరుగా ఒక క్లోజప్, ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, నడుము దాకా ఒకటి, నిలువెత్తుది ఒకటి. మేకప్ లేకుండా, కళ్లద్దాలు లేకుండా. ఎడిట్ చేసి ఇచ్చిన ఫోల్డర్‌లో అన్నీ ఉన్నాయి, చూడ్డానికి మెరిసిపోతున్నాయి కూడా. కుడి పక్క ఫొటోని వంద శాతానికి పెద్దది చేసి చూస్తే చెంప మీద ఒక్క రంధ్రం లేదు, మెడ మీద మాత్రం అన్నీ ఉన్నాయి. దవడ కింద ఒక గీత: పైన తేలిన రంగు, కింద నా చామనచాయ. కనుబొమ్మలో చిన్నప్పటి కుట్ల దగ్గర ఖాళీ ఉండాలి, అక్కడ వెంట్రుకలు నింపేశారు. వీటన్నిటికన్నా పెద్ద తప్పు చొక్కా జేబు దగ్గర దొరికింది. జేబు కుడివైపు ఉంది. మగవాళ్ల చొక్కాకి జేబు ఎడమవైపు కదా. గుండీలు చూస్తే అవీ తారుమారే: కుడి అంచుకి ఉండాల్సినవి ఎడమ అంచుకి వెళ్లాయి, పాపిడి కూడా పక్క మారింది. అంటే అది నా కుడి పక్కే కాదు. ఎడమ పక్క ఫొటోని అద్దంలోలా తిప్పేసి కుడి పక్క అని పెట్టేశారు. అసలు కుడి పక్క తీసిన ఫొటోల్లో ఫోకస్ చెవి మీద పడింది, కన్ను మసకగా ఉంది. అందుకని బాగా వచ్చిన రెండో పక్కని తిప్పి వాడేశారు. పుట్టుమచ్చ ఉంచి ఉంటే తిప్పినట్టు చూడగానే తెలిసిపోయేది. చెరిపేశారు కాబట్టి తెలియకుండా పోయింది.

ఇలా ఎందుకు చేస్తారంటే, చాలా స్టూడియోలు ఎడిటింగ్ బయట ఇస్తాయి. ఆల్బమ్ డిజైన్ చేసే మనిషి ఇంకో ఊళ్లో ఉంటాడు, మన మొహం ఎప్పుడూ చూసి ఉండడు. పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికొడుకు పేజీ మధ్యకి చూస్తున్నట్టు రావాలంటే ఫొటోని తిప్పడం వాళ్లకి రోజూ చేసే పని. ఫొటోషాప్‌లో చర్మం నున్నగా చేసే యాక్షన్ (ఒక్క నొక్కుతో నడిచే ఎడిటింగ్ వరస) ఒకటి తయారుగా ఉంటుంది, ఫోల్డర్ మొత్తానికి ఒకేసారి తోలేస్తారు. తర్వాత కర్వ్స్ అనే టూల్‌తో మొహం రంగు తేలుస్తారు, లిక్విఫై అనే టూల్‌తో చెంపలు కాస్త లోపలికి నొక్కుతారు. పెళ్లివాళ్లు అడిగేది అదే, వాళ్లు సంతోషంగా డబ్బులిచ్చేదీ దానికే. నటుడికి అదే గొడ్డలిపెట్టు. ఫొటో చూసి పిలిచినవాళ్లకి గదిలోకి వచ్చిన మనిషి వేరుగా కనిపిస్తే మొదటి నిమిషం అనుమానంలోనే గడిచిపోతుంది. ఊరి మనిషి, కూలీ, కానిస్టేబుల్ లాంటి వేషాలకి ఉన్నది ఉన్నట్టున్న మొహాలే వెతుకుతారు. ఆ మచ్చలూ ఆ రంగూ చూసే ఎంచుకుంటారు. పని తెలిసిన రీటచింగ్‌కి ఒక కొలత ఉంది. పక్షం రోజుల్లో దానంతటదే పోయేది తీసేయొచ్చు: మొటిమ, గడ్డం గీసిన గాటు, ఎగిరిన వెంట్రుక. పోనిది ముట్టుకోకూడదు.

సరిచేసి ఇమ్మని అడిగితే రా ఫైళ్లు (కెమెరా తీసిన అసలు ఫైళ్లు) లేవన్నారు. పెళ్లిళ్ల సీజన్‌లో హార్డ్ డిస్కులు చాలవు, కార్డులు ఫార్మాట్ అయిపోతాయి. షూట్ అయిన రోజే కెమెరాలోని జేపెగ్‌లు పెన్‌డ్రైవ్‌లో వేయించుకోవడం ఒక్కటే ఈ సెట్‌ని కాపాడింది. ఇన్నాళ్లుగా నేను పంపుతున్నవి అవే. స్నాప్‌సీడ్ యాప్‌లో క్రాప్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) కొంచెం, అంతే. కుడి పక్కకి మాత్రం ఇంట్లో, ఎండ నేరుగా పడని ఉత్తరం కిటికీ పక్కన, ఫోన్‌లో 2ఎక్స్ జూమ్ పెట్టి వేరేగా తీసుకోవాల్సి వచ్చింది. ఫోన్ మామూలు లెన్స్‌తో దగ్గరకొచ్చి తీస్తే ముక్కు పెద్దదవుతుంది. అయిదడుగుల దూరంలో నిలబడి, 2ఎక్స్‌లో తీస్తే ఆ బాధ ఉండదు.

పంపే దగ్గర కూడా చిక్కులున్నాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకి కుదించేస్తుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్ కొంత నయం. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది గానీ వందల ఫొటోలు తిరగేసే మనిషి దాన్ని తెరవకుండానే దాటిపోవచ్చు. అందుకని క్లోజప్ హెచ్‌డీలో, మిగతా అన్నీ గూగుల్ డ్రైవ్ లింకులో పెడితే మంచిది. లింకు ఎవరైనా తెరిచేలా ఉందో లేదో వేరే ఫోన్‌లో చూసుకోవాలి, పర్మిషన్ అడిగే లింకుని ఎవరూ రెండోసారి ముట్టుకోరు. ఫైలు పేరులో పేరు, వయసు, ఎత్తు, భాషలు ఉండాలి. మనవైపు వాళ్లకి తెలుగూ ఒడియా రెండూ రావడం పెద్ద బలం, అది పేరులోనే కనపడనివ్వండి. ఫైలు కలర్ ప్రొఫైల్ ఎస్ఆర్‌జీబీలో (ఫోన్లు, వెబ్ మామూలుగా వాడే రంగుల పద్ధతి) ఇమ్మని అడగండి. అడోబ్ ఆర్‌జీబీలో ఇస్తే కొన్ని ఫోన్లలో మొహం పాలిపోయి కనిపిస్తుంది. ప్రింటు కావాలంటే 8×10 అంగుళాలకి 2400×3000 పిక్సెళ్లు సరిపోతాయి.

ప్యాకేజీలో గోపాలపురం బీచ్ కూడా కలిపారు. ప్రీవెడ్డింగ్‌లకి వెళ్లే చోటే కాబట్టి వాళ్లకది మామూలే. ఇన్‌స్టాగ్రామ్‌కి బాగుంటాయి, కాస్టింగ్‌కి ఒక్కటీ పంపలేదు. సముద్రం మీంచి పొద్దెక్కాక ఆ వెలుగుకి కళ్లు చిట్లిస్తాం, గాలికి జుట్టు నిలవదు. వెళ్లాల్సిందే అయితే సూర్యోదయం అయిన మొదటి అరగంటలో, సముద్రం వైపు తిరిగి నిలబడి తీయించుకోండి. బట్టల సంగతి: ఏ రాతలూ లేని, ఒకే రంగు, కాలర్ లేనిది క్లోజప్‌కి మేలు. సన్న గళ్ల చొక్కా స్క్రీన్ మీద అలలు అలలుగా మెరుస్తుంది. ఆడవాళ్లకి బరంపురం పట్టుచీర నిలువెత్తు ఫొటోలో ఎంత అందమో, క్లోజప్‌లో అంత ఇబ్బంది. పట్టు మెరుపు గడ్డం కింద వెలుగు చిమ్ముతుంది, కుంభం అంచు (గుడి గోపురంలా కోణాలు తేలిన అంచు) మొహం కన్నా ముందు కంటికి తగులుతుంది. మన ఉక్కకి నుదురు జిడ్డెక్కుతుంది, టిష్యూ అద్దుకుంటే చాలు. పౌడరు వేస్తే ఫ్లాష్‌కి తెల్లగా తేలుతుంది.

ఇంతకీ వెళ్లొచ్చా? నా మట్టుకు నేను మళ్లీ వెళ్తాను, తీయడానికి మాత్రమే. ఎఫ్/5.6, రెండు పక్కలూ విడివిడిగా, అక్కడికక్కడే కెమెరా స్క్రీన్ మీద కన్ను పెద్దది చేసి చూపించడం, రా ఫైళ్లు ఆ రోజే చేతికి: ఈ నాలుగూ అడ్వాన్స్ రసీదు మీద రాయించుకుంటాను. నేను చూసేవి చిన్న వేషాలు, ఉండేది బరంపురంలో, హైదరాబాద్ అంటే రాత్రంతా రైలు. ఒక్క ఫొటో కోసం అంత దూరం వెళ్లడం నాకు కుదరదు. హైదరాబాద్‌లోనే గది తీసుకుని ఉన్నవాళ్లకి, యాడ్స్, మోడలింగ్ వైపు చూస్తున్నవాళ్లకి ఈ లెక్క కుదరకపోవచ్చు; వాళ్లు నటులకే ఫొటోలు తీసేవాళ్ల దగ్గరికి వెళ్లడం మంచిది. జుట్టో గడ్డమో మారిస్తే నాకూ ఈ సెట్ పాతదైపోతుంది. అప్పుడు ఆ స్టూడియో ఎడిటింగ్ లేకుండా తీసి, దానికి తగ్గట్టు రేటు తగ్గిస్తానంటే మళ్లీ అక్కడికే. లేదంటే విశాఖ.