చెన్నైలో మాగ్నటైట్ నానో పౌడర్ కొనేవాళ్లు జాగ్రత్త

చెన్నైలో పీహెచ్‌డీలు, ఎమ్మెస్సీ ప్రాజెక్టులు చేస్తూ ఐరన్ ఆక్సైడ్ నానో పౌడర్ కొనబోతున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. లేబుల్ మీద మాగ్నటైట్ (నల్లటి, అయస్కాంతానికి అంటుకునే ఐరన్ ఆక్సైడ్) అని ఉందని సీసాలో ఉన్నది కూడా అదే అనుకోకండి. నాకైతే 10 గ్రాముల సీసాకి పెట్టిన 14,500 రూపాయలతో పాటు రెండు నెలలు పోయాయి.

నాకు కావలసింది వెర్వే ట్రాన్సిషన్. మాగ్నటైట్‌ని చల్లబరుస్తూ పోతే దాదాపు 120 కెల్విన్ దగ్గర దాని నిర్మాణం, విద్యుత్ వాహకత ఒక్కసారిగా మారతాయి, మోస్‌బవర్ స్పెక్ట్రమ్ (ఐరన్ కేంద్రకాలు గామా కిరణాలను పీల్చుకునే తీరు చూపే గ్రాఫ్) రూపం కూడా మారిపోతుంది. చిన్న కణాల్లో అది ఎలా ఉంటుందో చూద్దామని ఇక్కడే చెన్నైలో ప్యారీస్ కార్నర్ వైపు ఒక డీలర్ దగ్గర 20 నానోమీటర్ల పౌడర్ తీసుకున్నాను.

సీసా తెరిచిన రోజే నేను ఆగాల్సింది. మాగ్నటైట్ నల్లగా ఉండాలి, ఇదేమో ఫిల్టర్ పేపర్ మీద వేలితో రుద్దితే కాఫీపొడి రంగు మరక పడింది. మూతకి మామూలు సెల్లో టేపు చుట్టారు, తయారీ తేదీ లేదు, గాలి తగలకుండా ఆర్గాన్ వాయువులో సీల్ చేసినట్టు ఎక్కడా రాయలేదు. ఇంత సన్నని మాగ్నటైట్ గాలి తగిలితే ఆక్సీకరణం చెంది మాగ్‌హెమైట్ అనే గోధుమ రంగు ఐరన్ ఆక్సైడ్‌గా మారిపోతుంది.

మోస్‌బవర్‌కి గామా కిరణాలిచ్చే కోబాల్ట్-57 సోర్సు మా ల్యాబ్‌లో పాతబడింది, దాని అర్ధాయువే 272 రోజులు, అందుకే ఒక్కో స్పెక్ట్రమ్‌కి నాలుగేసి రోజులు పట్టింది. మాగ్నటైట్ అయితే గది ఉష్ణోగ్రత దగ్గర రెండు ఆరు గీతల సెట్లు కలిసి, ఎడమ చివరి గీత రెండుగా చీలినట్టు కనిపించాలి. నాకు ఒకే సెట్ వచ్చింది, అదీ మొద్దుబారిన గీతలతో. కణాలు చిన్నవి కదా, అందువల్లేమో అని సర్దిచెప్పుకుని ద్రవ నైట్రోజన్‌తో 77 కెల్విన్‌కి దించాను. గీతలు పదునెక్కాయి తప్ప రూపం ఏమీ మారలేదు. అప్పుడు మా సార్ ఐసోమర్ షిఫ్ట్ (స్పెక్ట్రమ్ మధ్యబిందువు సున్నా నుంచి ఎంత జరిగిందో, ఐరన్ ఏ రూపంలో ఉందో చెప్పే అంకె) చూడమన్నారు. గది ఉష్ణోగ్రత దగ్గర సెకనుకి 0.32 మిల్లీమీటర్లు. మాగ్నటైట్‌లో సగటు 0.5 దాటుతుంది, ఎందుకంటే అందులో ఫెర్రస్ ఐరన్ ఉంటుంది. ఇందులో అదే లేదు. నేను కొన్నది మాగ్‌హెమైట్, అందులో వెర్వే ట్రాన్సిషన్ ఉండదు.

డీలర్‌కి ఫోన్ చేస్తే "ఎక్స్‌ఆర్‌డీ మ్యాచ్ అయింది కదా మేడం, సీల్ తెరిచాక వాపసు తీసుకోం" అన్నాడు. ఎక్స్‌ఆర్‌డీ అంటే ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష. ఆ ఎక్స్‌ఆర్‌డీ పేపర్‌నే నేనూ నమ్మాను, తప్పు అక్కడే జరిగింది. మాగ్నటైట్ లాటిస్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే గడి) అంచు పొడవు 8.39 ఆంగ్‌స్ట్రామ్‌లు, మాగ్‌హెమైట్‌ది 8.35. 20 నానోమీటర్ల కణాలకి ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫ్‌లో శిఖరాలు వెడల్పుగా వస్తాయి కాబట్టి ఆ రెండింటినీ విడదీయడం చాలా కష్టం.

కాబట్టి కొనేముందు ఆ బ్యాచ్ మోస్‌బవర్ డేటా అడగండి. లేదంటే ముందు ఒక గ్రాము మాత్రమే కొని, ఐసోమర్ షిఫ్ట్ చూశాక మిగతాది ఆర్డర్ ఇవ్వండి. తయారీ తేదీ, ఆర్గాన్ ప్యాకింగ్, వాపసు షరతు, మూడూ బిల్లు మీద రాయించుకోండి, ఫోన్‌లో చెప్పిన మాట పనికిరాదు. సీసా తెరిచేటప్పుడు వీడియో తీయండి. నేను తీయలేదు, అందుకే పౌడర్ ముందునుంచే గోధుమ రంగులో ఉందని నిరూపించలేకపోయాను. నా రెండు స్పెక్ట్రాలూ దాచే ఉంచాను, పోల్చి చూసుకోవాలంటే అడగండి, పంపిస్తాను.