శ్రీకాకుళంలో పెళ్లి చీరలు: మాల్ లైట్లు, పొందూరు ఎండ

శ్రీకాకుళంలో పెళ్లిబట్టలు కొనేవాళ్లకి ముందుగా ఒక మాట. ఏ షాపైనా సరే, చీరని పగటి వెలుతురులో చూడకుండా బిల్లు కట్టకండి. ఈ మాట మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే 2,150 రూపాయలూ, ఒక పూటా మిగిలేవి. అమ్మ ఏడ్చేదీ కాదు.

మాఘంలో మా తమ్ముడి పెళ్లి. అమ్మాయిది ఆమదాలవలస. సంక్రాంతి వెళ్లిన వారం రాజమండ్రి నుంచి అమ్మ, నేను, మా ఆయన బయలుదేరాం. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జి, రోజుకి 1,400. శుభ్రంగా ఉంది. పొద్దున్నే అరసవల్లి దర్శనం కూడా బాగా అయింది.

పదకొండు గంటలకి ఆడపెళ్లివాళ్లు వచ్చారు. అందరం కలిసి ఒక పెద్ద బట్టల మాల్‌కి వెళ్లాం. లిఫ్ట్ ఎక్కితే నేరుగా మూడో అంతస్తు, అక్కడే పెళ్లి పట్టు. కిందికి రావాలంటే మాత్రం మెట్లే. అవి కూడా వరసగా లేవు. ప్రతి అంతస్తులో ఈ చివర నుంచి ఆ చివరిదాకా, రెడీమేడ్లూ దుప్పట్లూ దాటుకుంటూ నడిస్తేగానీ తర్వాతి మెట్లు రావు. జనం దారిలో ఇంకో నాలుగు వస్తువులు కొనాలనే అలా కడతారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. కూర్చోవడానికి ఒక్క కుర్చీ అయినా లేదు.

చీరలు చూపించే చోట కిటికీ అన్నది లేదు. రోడ్డువైపు అద్దాలన్నీ ఫ్లెక్సీలతో మూసేశారు. చీరలు పరిచే బల్ల మీదికి నేరుగా పసుపు లైట్లు. అక్కడ అమ్మ, వియ్యపురాలు కలిసి ఒక చీర మెచ్చారు. చిలకపచ్చ రంగు, మిరపపండు ఎరుపు అంచు. 11,400. పిల్ల భుజం మీద వేసి చూస్తే నిజంగా లక్ష్మీదేవిలా ఉంది. అందరం మురిసిపోయాం.

రోడ్డు మీదికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు అమ్మ సంచీలోంచి కొంగు కాస్త బయటికి తీసింది. అది చిలకపచ్చ కాదు, నీలం కలిసిన ముదురు పచ్చ. అంచు ఇటుక రంగుకి దగ్గరగా ఉంది. పసుపు వెలుగులో ఎరుపు, జరీ బాగా లేస్తాయి, నీలం అణిగిపోతుంది. పట్టుచీరల మీద అలాంటి లైట్లు పెట్టేది అందుకే. ఈ సంగతి నాకు తర్వాత అర్థమైంది గానీ, అప్పటికి అమ్మ వియ్యపురాలి ముందు చిన్నబుచ్చుకుని నిలబడిపోయింది.

వెనక్కి వెళ్తే కౌంటర్ అబ్బాయి తల కూడా ఎత్తలేదు. "బిల్లయిపోయాక డబ్బులివ్వం. ఇంకోటి తీసుకోండి, దీనికంటే తక్కువ ధరది కుదరదు" అన్నాడు. అమ్మ అక్కడే కళ్లు తుడుచుకుంది. మా ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు, ఆరోజు పెంచారు. ఫలితం లేదు. చివరికి 13,550 చీర తీసుకున్నాం. ఈసారి మెట్ల దగ్గర చిన్న కిటికీ ఉంటే అక్కడికి పట్టుకెళ్లి చూశాను. లోపమున్న సరుకైతే, బిల్లులో గడువు రాయకపోయినా 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. మా చీరకి చిరుగు లేదు, మరక లేదు. లోపం లైట్లలో ఉంది, దాన్ని బిల్లు మీద చూపించలేం కదా.

ఇంకో విషయం. బిల్లు వేసేటప్పుడు ఫోన్ నంబర్ ఇవ్వాల్సిందే అంటారు. అక్కర్లేదు. నంబర్ కోసం పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లోనే దుకాణాలకి చెప్పింది.

సాయంత్రం జీటీ రోడ్డులో ఒక పాత షాపుకి వెళ్లాం. పరుపు మీద తెల్లదుప్పటి, పైన ట్యూబ్‌లైట్, ఏసీ లేదు. అమ్మని గోడకి ఆనించి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. మేం అడగకముందే ఆ పెద్దాయన చీర పట్టుకుని వీధి గుమ్మంలోకి నడిచాడు. "ఇక్కడ చూడండమ్మా, పెళ్లి పందిట్లో కట్టుకునేది కదా" అన్నాడు. పెట్టుబడి చీరలు ఆరు, ఒక్కోటి 1,250 చొప్పున అక్కడే తీసేశాం. రకాలు తక్కువే, ఒప్పుకుంటాను. అయినా మళ్లీ వెళ్తే అక్కడికే వెళ్తాను.

మర్నాడు నాన్నకి పంచె కోసం చిలకపాలెం మీదుగా పొందూరు. పల్లెవెలుగు బస్సు, స్త్రీశక్తి పథకం కాబట్టి అమ్మకీ నాకూ టికెట్ లేదు, మా ఆయనకి 35. పొందూరు ఖద్దరుని గాంధీజీ మెచ్చుకున్నారని చిన్నప్పటి నుంచీ వింటున్నాను గానీ, పని కళ్లారా చూడటం అదే మొదలు. ఒకావిడ కాళ్లు చాపుకుని కూర్చుని, వాలుగ చేప దవడ ఎముకతో గింజ చుట్టూ ఉన్న పత్తిని దువ్వుతోంది. సన్నటి పళ్లు, దువ్వెన కంటే దగ్గరగా ఉన్నాయి. ఒక్కో గింజనీ విడిగా పట్టుకుని దువ్వాలి. ఆ పత్తితోనే రాట్నం మీద వందో నంబరు నూలు, అంటే చాలా సన్నటి నూలు తీస్తారట. అమ్మ మోకాళ్ల సంగతి మర్చిపోయి ఆవిడ పక్కనే కింద కూర్చుండిపోయింది.

పంచె 4,200. బేరం లేదు, అమ్మ ఆడనూ లేదు. కొట్టులో ఆయన తలుపు రెక్కలు రెండూ బార్లా తీసి, "తెల్లబట్టకి రంగేముంటాదమ్మా, పోగు చూడండి" అని మడత విప్పాడు. అమ్మ అంచు పట్టుకుని ఎండకి ఎత్తింది. రోడ్డు మీద వెళ్తున్న సైకిల్ దానిగుండా కనిపించింది.