చేత్తో వెల్డింగ్ చేసిన షెల్ఫ్ బ్రాకెట్లు కొంటున్నారా? నునుపైన మూలను నమ్మకండి

చెక్క పలక ఒకటి, ఇనుప బ్రాకెట్లు రెండు, పొట్లంలో స్క్రూలు. "పూర్తిగా చేతిపని, హెవీ డ్యూటీ, 40 కిలోలు మోస్తుంది" అని ఆన్‌లైన్‌లో అమ్మిన గోడ షెల్ఫ్ సెట్ సంగతి ఇది. పలక 900 మి.మీ. పొడవు, 200 వెడల్పు. బ్రాకెట్లు నల్లగా, ముచ్చటగా, మూల దగ్గర అతుకు ఎక్కడుందో కూడా తెలియనంత నునుపుగా ఉన్నాయి. పన్నెండు కిలోల పుస్తకాలు పెట్టేసరికే ఒక బ్రాకెట్ మూల విచ్చుకుంది. రంగు గీకి, మూలను అడ్డంగా కోసి చూస్తే అసలు సంగతి బయటపడింది: రెండు పట్టీలూ పై అంచున అర మిల్లీమీటరు మందాన మాత్రమే కరిగి కలిశాయి, మిగతా సందులో పుట్టీ. అమ్మినవారి పేరు ఇక్కడ అనవసరం. ఇలా చేసేది వాళ్లొక్కరే కాదు కాబట్టి, కొనేముందు ఏం చూడాలో తెలిస్తే చాలు.

ముందు మూల సంగతి. ఎల్ ఆకారపు బ్రాకెట్‌లో కాలు కిందికి, చెయ్యి ముందుకు ఉంటుంది. చేతిమీద బరువు పడగానే ఆ కోణం మూసుకోవాలని చూస్తుంది. అంటే మూల లోపలివైపు నొక్కుడు, బయటివైపు లాగుడు. అతుకుని చీల్చేది లాగుడే. కానీ బయటివైపే గోడకూ పలకకూ ఆనాలి కాబట్టి అక్కడ వెల్డింగ్ ఉబ్బెత్తుగా ఉంటే కుదరదు. అందుకని గ్రైండర్ పెట్టి సమంగా అరగదీస్తారు. పట్టీ అంచుల్ని ముందే ఏటవాలుగా చెక్కి, వి ఆకారపు గాడి చేసి, అందులో వెల్డింగ్ నింపి ఉంటే అరగదీసినా లోపల లోహం నిలుస్తుంది. ఆ గాడి చెయ్యకుండా అంచుల్ని ఊరికే ఆనించి పైపైన ఒక బీడ్ (వెల్డింగ్ లోహం గట్టిపడి ఏర్పడే గట్టు) పోసి ఉంటే, గ్రైండర్ ఆ బీడ్‌నే తినేస్తుంది. మిగిలేది అందం మాత్రమే. ఈ లెక్కన అతుకు కనబడని బ్రాకెట్ కంటే, బీడ్ స్పష్టంగా కనబడే మొరటు బ్రాకెట్టే నయం.

అమ్మేవారిని అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే: "బయటి మూలను గాడి చేసి వెల్డ్ చేశారా, ఊరికే ఆనించి చేశారా?" పని తెలిసినవాడు వెంటనే జవాబిస్తాడు. "చాలా గట్టిగా ఉంటుందండీ" అన్నది జవాబు కాదు. ఇంకా మంచి పద్ధతి, మూలలో అతుకే లేకుండా పట్టీని వంచడం. లోపలి వంపు వ్యాసార్ధం పట్టీ మందమంత ఉంటే మైల్డ్ స్టీల్ పగలకుండా వంగుతుంది.

ఇక మందం. ఆ సెట్‌లో వాడింది 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం పట్టీ. అతుకు పక్కన పెట్టండి, పట్టీ లెక్కే చూద్దాం. 40 కిలోలంటే ఒక్కో బ్రాకెట్‌కి 20. ఆ బరువు పలక వెడల్పులో మధ్యన, అంటే గోడకు 100 మి.మీ. దూరంలో పడుతుందనుకుంటే మూల దగ్గర సుమారు 520 మెగాపాస్కల్ ఒత్తిడి వస్తుంది. మామూలు మైల్డ్ స్టీల్ 250 దగ్గరే శాశ్వతంగా వంగిపోతుంది. అంటే అతుకు లేని ఒకే ముక్క పట్టీ అయినా 40 కిలోలకు సగంలోనే లొంగిపోతుంది. అదే 40 వెడల్పు, 5 మందం పట్టీ అయితే ఒత్తిడి 118. మందం 3 నుంచి 5కి పెరిగితే బలం దాదాపు 2.8 రెట్లు, వంగకుండా ఉండే బిగువు 4.6 రెట్లు పెరుగుతాయి. వెడల్పు పెంచితే ఆ నిష్పత్తిలోనే లాభం, మందానిది వేరే లెక్క.

ఫొటోలో మందం తెలియదు, కాబట్టి బరువు అడగండి. పట్టీ వెడల్పు, మందం, మొత్తం పొడవు మి.మీ.లలో గుణించి, దాన్ని 7.85తో గుణించి పది లక్షలతో భాగిస్తే కిలోలు వస్తాయి. చెయ్యి 200, కాలు 150 ఉన్న బ్రాకెట్ 25×3 పట్టీతో చేస్తే 206 గ్రాములు, 40×5తో చేస్తే 550 గ్రాములు తూగాలి. "5 మి.మీ. మందం" అని రాసి, 25 వెడల్పు పట్టీకి 200 గ్రాములే చెప్పారంటే మాట తేలిపోయినట్టే.

పలచటి పట్టీ పనికే రాదని కాదు. కాలి కింది కొస నుంచి చేతి పొడవులో మూడింట రెండు వంతుల దాకా ఏటవాలు బద్ద ఒకటి వెల్డ్ చేస్తే మొత్తం కథ మారిపోతుంది. బరువు ఆ బద్దలోంచి నొక్కుడుగా గోడలోకి దిగుతుంది, మూలను వంచే బలం చాలామటుకు పోతుంది. నొక్కుడులో ఉన్న అతుకు కాస్త నాసిగా ఉన్నా చీలదు. 25×3 పట్టీతోనే బద్ద ఉన్న బ్రాకెట్, బద్ద లేని 40×5 బ్రాకెట్‌తో సమానంగా నిలబడుతుంది. కాకపోతే బద్ద వెనకే స్క్రూ రంధ్రం పెట్టి, స్క్రూడ్రైవర్ దూరే దారి లేకుండా చేసే మహానుభావులు ఉంటారు. అదీ చూసుకోండి.

వెల్డింగ్‌ని కంటితో పరీక్షించేటప్పుడు ముందు బీడ్ అంచులు చూడండి. మంచి బీడ్ రెండువైపులా లోహంలోకి మెల్లగా కలిసిపోతుంది. మైనం బొట్టులా పైన గుండ్రంగా కూర్చుందంటే కరెంటు చాలక కింది లోహం కరగలేదన్నమాట, అది పెళుక్కున ఊడుతుంది. అంచు వెంట గీత గీసినట్టు గాడి పడితే కరెంటు ఎక్కువై పట్టీ తినేసింది. 3 మి.మీ. పట్టీలో ఒక మిల్లీమీటరు గాడి అంటే మూడో వంతు పోయినట్టు. సూదిమొన రంధ్రాలుంటే నూనె, తుప్పు, జింకు పూత, తడి రాడ్ వీటిలో ఏదో ఒకటి కారణం. కొన్నిటికి రెండు చివర్లా టాకాలు (చుక్కల్లాంటి చిన్న అతుకులు) కొట్టి, మధ్యలో పుట్టీ రాసి వదిలేస్తారు. కత్తి మొనతో మూలలో గీకి చూడండి: లోహమైతే మెరుస్తుంది, పుట్టీ అయితే పొడి రాలుతుంది. స్లాగ్ (వెల్డింగ్ మీద పేరుకునే గట్టి పెచ్చు) సరిగా కొట్టకుండా రంగు వేసి ఉంటే అది తర్వాత పెచ్చులై రాలి, కింద తుప్పు కనబడుతుంది.

ఇదంతా చదివి "మనమే చేసుకుందాం" అనుకునేవారికి: 3 మి.మీ. పట్టీకి 2.5 మి.మీ. 6013 రకం వెల్డింగ్ రాడ్, 60 నుంచి 90 ఆంపియర్లు. 5, 6 మి.మీ.లకు 3.15 రాడ్, 90 నుంచి 130. జింకు పూత ఉన్న పట్టీ తక్కువకి వచ్చిందని తెచ్చుకోకండి. జింకు 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, ఇనుము కరిగేలోపే పొగైపోతుంది. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లునొప్పులు. పాలు తాగితే విరుగుతుందన్న మాట వట్టిది. తప్పకపోతే అతుకుకి రెండువైపులా కనీసం 25 మి.మీ. దాకా పూత అరగదీసి, ఆరుబయట, సరైన మాస్కుతో చెయ్యాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో పట్టీ తుడిచి వెల్డ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. నూనె తుడవడానికి అది వాడకండి. ఎసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే ఆర్క్ కొట్టండి.

కోణం విషయానికొస్తే, వెల్డింగ్ చల్లారుతూ ముడుచుకుంటుంది, మూలను తనవైపు లాగేస్తుంది. బిగించకుండా, లోపలి మూలలో వెల్డ్ చేసిన బ్రాకెట్లు తొంభై డిగ్రీలకు తక్కువగా మూసుకునేది అందుకే. మూలమట్టం లేకపోయినా కొలవచ్చు. బయటి మూల నుంచి ఒకవైపు 60, రెండోవైపు 80 మి.మీ. గుర్తు పెట్టండి, రెండు గుర్తుల మధ్య 100 రావాలి. పెద్ద బ్రాకెట్ అయితే 150, 200, 250. ఆ 250 కాస్తా 247 వచ్చిందంటే కోణం దాదాపు ఒకటిన్నర డిగ్రీ మూసుకున్నట్టు, 200 మి.మీ. షెల్ఫ్ ముందు అంచు 5 మి.మీ. వాలుతుంది. నున్నగా పాలిష్ చేసిన పలకమీద గుండ్రటి సామాన్లు దొర్లడానికి అది చాలు. రెండు బ్రాకెట్లనూ వీపులు ఆనించి పక్కపక్కన పెట్టి కూడా చూడండి. రెండూ తప్పే అయినా ఒకే తప్పు అయితే వెనక పలచటి వాషర్ పెట్టి సర్దుకోవచ్చు, చెరో తీరుగా ఉంటే పలక మెలితిరుగుతుంది.

గోడ వైపు మోసం ఎక్కువగా కాలి పొడవులో, స్క్రూలలో ఉంటుంది. పై స్క్రూని ఊడలాగే బలం ఇలా వస్తుంది: బరువుని గోడ నుంచి దాని దూరంతో గుణించి, కాలి కింది కొస నుంచి పై స్క్రూ ఎత్తుతో భాగించాలి. 20 కిలోలు 100 మి.మీ. దూరంలో ఉండి, స్క్రూ ఎత్తు 50 మి.మీ.లే అయితే లాగుడు 40 కిలోలు. అదే ఎత్తు 130 అయితే 15 కిలోలే. పొట్టి కాలు బ్రాకెట్ ఎంత మందంగా ఉన్నా గోడలోంచి పీక్కొస్తుంది. ఇక సెట్‌తో వచ్చిన 30 మి.మీ. స్క్రూలు: బ్రాకెట్ మందం 3, గోడ పూత 15 పోతే ఇటుకలోకి దిగేది 12 మి.మీ. అది పూతని పట్టుకుని వేలాడడమే. పొట్లం పక్కన పడేసి 8 మి.మీ. ప్లగ్గులు, 60 మి.మీ.కు తగ్గని స్క్రూలు తెచ్చుకోండి. బోలు ఇటుకకూ తేలికపాటి బ్లాకులకూ మామూలు ప్లగ్గు పట్టదు, వాటికి వేరే రకం ఉంటుంది. బోలు ఇటుకలో డ్రిల్లు హ్యామర్ మోడ్ ఆపి రంధ్రం వెయ్యాలి.

చెక్క గురించి కొద్దిగానే. పూర్తిగా ఎండని పలక బిగించాక ముడుచుకుంటుంది, గుండ్రటి రంధ్రాల్లో బిగిసిపోయి ఉంటే చీలుతుంది. బ్రాకెట్ చేతిలో కనీసం ముందువైపు రంధ్రం కోలగా ఉండాలి. 20 మి.మీ. పలకకు బ్రాకెట్ల మధ్య 600 మి.మీ. మించనివ్వకండి. మధ్య దూరం రెట్టింపైతే, మీటరుకి అదే బరువు పెట్టినా పలక కుంగడం 16 రెట్లు. పుస్తకాలైతే మీటరుకి 20 నుంచి 30 కిలోలు సులువుగా తూగుతాయి. ఓక్, తుమ్మ లాంటి టానిన్ (చెక్కలో సహజంగా ఉండే ఒగరు పదార్థం) ఉన్న చెక్కకు రంగు వెయ్యని ఇనుము తగిలి కాస్త తేమ చేరితే నల్లటి మరక పడుతుంది, అది సబ్బుకి పోదు.

"పౌడర్ కోటింగ్" (పొడి చల్లి వేడితో గట్టిపరిచే రంగు) అని రాసినదాన్ని థిన్నర్‌లో ముంచిన గుడ్డతో కనబడని చోట రుద్దండి. వెంటనే నల్లగా దిగితే అది డబ్బా స్ప్రే.

పార్శిల్ రాగానే ఈ పరీక్షలన్నీ అయ్యేదాకా గోడకు రంధ్రం వెయ్యకండి. ఒకసారి బిగించాక "మీరు వాడేశారు" అని వాపసు తీసుకోరు. గీకిన మూలను దగ్గరగా ఒక ఫొటో, కాలిపర్‌తో మందం చూపిస్తూ ఒకటి, తూకం మీద పెట్టి ఒకటి తీసి, అమ్మినప్పటి ప్రకటనతో కలిపి పంపండి. ఇప్పటికే గోడమీద ఉన్న సెట్ అయితే, బరువంతా దించి, టార్చిలైటు పెట్టి బయటి మూల వెంట రంగులో సన్నటి గీత ఏమైనా పడిందేమో చూడండి. పడితే ఆ బ్రాకెట్ దింపేయాల్సిందే. పడకపోయినా, ఏటవాలు బద్ద లేకపోతే బ్రాకెట్లు విప్పి, రంగు పూర్తిగా గీకి, బద్ద వేయించండి. పలక బిగించి ఉండగా మాత్రం వెల్డింగ్ చెయ్యనివ్వకండి. పట్టీ వేడికి చెక్క మాడుతుంది, పాలిష్ అంటుకుంటుంది.