మోల్ లెక్కలకు త్రైరాశికమా, ఫార్ములానా, యూనిట్లు కొట్టేయడమా?

ఇంటర్ ఫస్టియర్‌లో మోల్ లెక్కలు (పదార్థాన్ని కణాల సంఖ్య లెక్కన కొలిచే యూనిట్ మోల్) మొదలవగానే క్లాసు మూడు జట్లుగా విడిపోతుంది. చిన్నప్పటి నుంచీ చేతికి అలవాటైన త్రైరాశికాన్ని వదలని వాళ్లు కొందరు. ఫార్ములాలు బట్టీ పట్టేవాళ్లే ఎక్కువ. ప్రతి అంకె పక్కనా యూనిట్ రాసుకుని, పైనా కిందా ఒకటే కనబడితే కొట్టేస్తూ పోయేవాళ్లు అరుదు. నా ఓటు ఈ మూడో జట్టుకే, అయితే అన్ని చోట్లా కాదు.

త్రైరాశికం ఒక్క మెట్టు లెక్కకి హాయి. 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌ని పూర్తిగా కాలిస్తే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మరి 10 గ్రాములకి? 4.4. దీనికి యూనిట్ల బారు రాయడం దండగ. కానీ ఒకటి పెరిగితే రెండోది తగ్గే చోట, అంటే వాయువుల పీడనం, ఘనపరిమాణం లాంటి చోట, అలవాటుగా అడ్డగుణకారం చేస్తే జవాబు తలకిందులవుతుంది.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం భారం ప్రకారం 37 శాతం, సాంద్రత 1.19 గ్రా./మి.లీ. అనుకుందాం. మొలారిటీ, అంటే లీటరు ద్రావణంలో ఉన్న ఆమ్లం మోల్స్, ఎంత? ఒక మోల్ ఆమ్లం బరువు 36.5 గ్రాములు. ఫార్ములా వాళ్లు 10 × 37 × 1.19 ÷ 36.5 అని గీకి, 12.06 అని లేస్తారు. పాత ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, పైగా కాలిక్యులేటర్ ఉండదు, కాబట్టి ఆ వేగం తీసిపారేసేది కాదు. కానీ ఆ 10 ఎక్కడిదో అడగండి, చాలామంది తెల్లమొహం వేస్తారు. యూనిట్లతో రాస్తే ఇలా ఉంటుంది:

1.19 గ్రా./మి.లీ. × 1000 మి.లీ./లీ. = 1190 గ్రా./లీ. ద్రావణం
1190 × 37/100 = 440.3 గ్రా./లీ. ఆమ్లం
440.3 గ్రా./లీ. ÷ 36.5 గ్రా./మోల్ = 12.06 మోల్/లీ.

1000ని 100తో భాగిస్తే వచ్చిందే ఆ 10. ప్రశ్నలో సాంద్రతని 1190 కి.గ్రా./ఘ.మీ. అని ఇస్తే ఫార్ములా వాళ్లకి 12,000 దాటిన మొలారిటీ వస్తుంది. టెన్షన్‌లో అదీ టిక్ పెట్టేస్తారు.

1983లో ఎయిర్ కెనడా 767 విమానం విషయంలో జరిగింది ఇదే. ఘనపరిమాణాన్ని సాంద్రతతో గుణించాలన్న ఫార్ములా సరైనదే. కానీ కిలోలు కావలసిన చోట 1.77తో గుణించారు, అది లీటరుకి పౌండ్లు. దాదాపు 0.8తో గుణించాల్సింది. కావలసినదాంట్లో సగం కూడా లేని ఇంధనంతో ఎగిరిన విమానం, గాల్లోనే రెండు ఇంజన్లూ ఆగిపోయి, కెనడాలోని గిమ్లీ అనే ఊళ్లో ఒక పాత రన్‌వే మీద ఎలాగో దిగింది. అదృష్టం బాగుండి ఎవరూ చనిపోలేదు.

యూనిట్ల పద్ధతికీ లోపాలున్నాయి. ద్రావణం గ్రాములూ ఆమ్లం గ్రాములూ దానికి ఒకటే. అందుకే పైన పక్కన పేరు కూడా రాశాను. సెల్సియస్‌ని కెల్విన్ చేయాలంటే కూడిక కావాలి, గుణకారంతో కుదరదు. పలుచన లెక్కల్లో నేనూ ఫార్ములాకే వెళ్తాను. 12 మొలార్ ఆమ్లం నుంచి 1 మొలార్ ద్రావణం 600 మి.లీ. కావాలంటే 1 × 600 ÷ 12, అంటే 50 మి.లీ. చాలు, లీటర్లలోకి మార్చే పని కూడా లేదు. ఆ 50 మి.లీ. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి గానీ, నీళ్లని ఆమ్లంలో పోయకూడదు. అది ఈ మూడు పద్ధతుల్లో ఏదీ చెప్పదు.