థర్మోస్టాట్ బాగానే ఉంది, గొడవంతా ఆ సక్షన్ కప్పుతోనే

మా పెంపుడు బల్లి ట్యాంకులో వేడిని అదుపు చేసే ఈ థర్మోస్టాట్ మీద నాకున్న కోపమంతా దాని ప్రోబుకి, అంటే వేడిని కొలిచే తీగ కొసకి, తగిలించిన సక్షన్ కప్పు మీదే. పెట్టె బాగుంది. లోపల కరెంటుని కలిపి తెంచే రిలే ఇన్నాళ్లయినా మొరాయించలేదు. డిస్‌ప్లే మీద అంకెలు చీకట్లో కూడా స్పష్టంగా కనబడతాయి. కానీ ఆ కొసని ట్యాంకు గాజుకి పట్టి ఉంచాల్సిన ముక్క ఒకటుంది చూశారూ, మొత్తం సామానులోకెల్లా చవకైన ముక్క, అది మాత్రం ఉండాల్సిన చోట ఉండదు. అది ఊడిపోయాక మిగతా భాగాలు ఎంత చక్కగా పనిచేస్తే అంత ప్రమాదం. ఎందుకో చెబుతాను.

మాది లెపర్డ్ గెక్కో అనే బల్లి. పేరు చుక్కి. కొత్తగా గెక్కోని తెచ్చుకునేవాళ్లు ట్యాంకు కింద పరిచే హీట్ మ్యాట్ గురించీ, ట్యాంకు ఎంతుండాలో ఈపాటికి చదివేసే ఉంటారు కాబట్టి అవన్నీ వదిలేస్తున్నాను. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకుంటే చాలు: దీనికి తిన్నది అరగాలంటే వేడి కావాలి. వెచ్చటి గూటిలో నేల 31 నుంచి 33 డిగ్రీల దాకా, చల్లటి వైపు 22 నుంచి 25 దాకా ఉంటే ఎటు వెళ్లాలో అదే తేల్చుకుంటుంది. అదుపు లేని మ్యాట్ 40 డిగ్రీలు సునాయాసంగా దాటేస్తుంది. కింది నుంచి కాలుతుంటే బల్లి చటుక్కున లేచి పోతుందన్న భరోసా ఏమీ లేదు. గెక్కోల పొట్ట కాలడానికి ఇలాంటి మ్యాట్లూ ఒక కారణం.

మొదట్లో దీన్ని నేను తెగ పొగిడాను. 32 అని పెట్టి వదిలేస్తే చాలు, ఒక డిగ్రీ తగ్గగానే ఆన్, 32 రాగానే ఆఫ్. టెంపరేచర్ గన్ పెట్టి గూటిలోని పలక మీద కొలిచినా దాదాపు అంతే చూపించేది. ఇక నాకు చిరాకు తెప్పించింది ఒక్కటే, టక్కు. ఆన్ అయితే టక్కు, ఆఫ్ అయితే టక్కు. ట్యాంకు నేను పనిచేసుకునే బల్ల పక్కనే ఉంటుంది కాబట్టి రాత్రి నిశ్శబ్దంలో అది మరీ గట్టిగా వినబడేది. ఎవరైనా అడిగితే "అన్నీ బాగున్నాయి, ఆ శబ్దమే గోల" అనేవాణ్ణి.

ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

ఒకరోజు సాయంత్రం ఏదో పని చేసుకుంటూ ఉన్నాను. గదిలో ఏదో తేడాగా అనిపించింది కానీ అదేమిటో వెంటనే తట్టలేదు. కాసేపటికి తెలిసింది, టక్కు వినబడి చాలాసేపయింది. తలతిప్పి చూస్తే డిస్‌ప్లే మీద 27 ఉంది. హీటింగ్ లైటు వెలుగుతూనే ఉంది. 32 పెట్టిన చోట 27 చూపిస్తోందంటే మ్యాట్ పోయిందనే ఎవరైనా అనుకుంటారు, నేనూ అదే అనుకుని ట్యాంకు కింద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను. మ్యాట్ పోవడం కాదు, మాడుతోంది. గూటి పైకప్పు ఎత్తి పలక మీద గన్ పెడితే 43.

ప్రోబు ఎక్కడుందా అని చూస్తే గూటి పక్కన తన తీగకే వేలాడుతూ, నేలకి నాలుగు వేళ్ల ఎత్తున గాలిలో ఉంది. సక్షన్ కప్పు గాజుని వదిలేసింది. థర్మోస్టాట్‌కి తెలిసిందల్లా ఆ గాలి వేడి, 27. దాన్ని 32కి తేవాలని అది నిజాయితీగా కష్టపడుతోంది. మ్యాట్ నేలని వేడెక్కిస్తుంది గానీ గాలిని పెద్దగా వెచ్చబరచదు. కాబట్టి ఆ 32 ఎప్పటికీ రాదు, మ్యాట్ ఎప్పటికీ ఆగదు.

చుక్కి చల్లటి వైపు నీళ్ల గిన్నె వెనకాల మూలకి నక్కి ఉంది. మామూలుగా ఆ వేళకి అది గూట్లోంచి తల మాత్రం బయట పెట్టి చూస్తుంటుంది. ప్లగ్గు పీకేసి, దాన్ని ఒక పారదర్శకమైన డబ్బాలోకి ఎక్కించి, కింది నుంచి ఫోన్ లైటు వేసి పొట్ట చూశాను. ఎర్రదనం లేదు, బొబ్బల్లేవు. ఆ పూట తిండి ముట్టలేదు, తర్వాత మామూలైంది. డాక్టరుకి కూడా చూపించాను, చర్మం బాగానే ఉందన్నారు. చల్లగా ఉండే వైపు ఒకటి ఉండబట్టి సరిపోయింది. చిన్న ట్యాంకులో మొత్తం నేల కిందా మ్యాట్ పరిచి ఉంటే ఆ బల్లి పారిపోవడానికి చోటుండేది కాదు.

ఇక్కడ నన్ను ఇంకా మండించింది మరొకటుంది. ఈ పెట్టె అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసిన గొప్ప, వేడి ఎక్కువైతే అలారం మోగుతుందని. మోగలేదు. ఎందుకు మోగుతుంది? అలారం కూడా అదే ప్రోబుని నమ్ముకుంది. ఆపే బుర్రకీ, అరిచే నోటికీ కన్ను ఒకటే అయినప్పుడు అలారం అన్నది అట్ట మీది అలంకారమే. పాపం, నేను తిట్టుకున్న ఆ టక్కే చివరికి అలారం పని చేసింది. ఆ పూట నేను బయటికి వెళ్లి ఉంటే అదీ లేదు.

సరే, కప్పు ఎందుకు ఊడింది? దాన్ని తిప్పి చూస్తే అంచు చుట్టూ తెల్లటి పొర. గాజు మీద కూడా అదే చోట గుండ్రంగా తెల్లటి మచ్చ. కాల్షియం పొడి. చుక్కికి తిండిగా వేసే పురుగులకి ఆ పొడి పట్టించి వేస్తాం కదా, అవి ట్యాంకంతా పరుగెత్తుతూ దాన్ని దులుపుతూ పోతాయి. ఆ పొడి మెల్లగా గాజు మీద పేరుకుంటుంది. పైగా రోజూ వేడికి రబ్బరు అంచు బిరుసెక్కింది. కడిగి, తుడిచి, తడి చేసి మళ్లీ అంటించాను. కొన్నాళ్లు ఉంది, మళ్లీ జారింది. లెపర్డ్ గెక్కో గోడలెక్కే జాతి కాదు, దాని వేళ్లకి అతుక్కునే మెత్తలే ఉండవు. గాజుని పట్టుకోలేని బల్లికి గాజుని పట్టుకోలేని ప్రోబు, జోడీ బాగానే కుదిరింది.

ఇప్పుడు కప్పు తీసి పారేశాను. ప్రోబుని ట్యాంకు బయట, మ్యాట్‌కీ అడుగు గాజుకీ మధ్య పెట్టి, వేడి తట్టుకునే టేపుతో తీగని రెండు చోట్ల బిగించాను. అక్కడ బల్లి కదపలేదు, పొడి పడదు, నీళ్లు ఒలకవు. కానీ దీనికీ ఓ తిరకాసు ఉంది. డిస్‌ప్లే చూపించేది ఇక గూటి నేల వేడి కాదు, గాజు కింది వేడి. మా ట్యాంకులో ఎండాకాలం 35 పెడితే పలక మీద 32 వస్తుంది. చలికాలం అదే 35కి పలక 29 దగ్గరే ఆగిపోతుంది, గది చల్లబడేకొద్దీ తేడా పెరుగుతుంది. అందుకని వాతావరణం మారినప్పుడల్లా గన్‌తో కొలిచి అంకె మార్చుకోవాలి. "పెట్టి వదిలేస్తే చాలు" అని నేను మెచ్చుకున్న సుఖం అలా పోయింది. గూటి లోపల వేరే డిజిటల్ థర్మామీటర్ ఒకటి, దాని ప్రోబుని పలక కిందికి దోపి ఉంచాను. రెండు పెట్టెలు వేర్వేరు కళ్లతో చూస్తున్నాయి కాబట్టి ఒకటి తప్పితే రెండోది పట్టిస్తుంది. గాజుకి అంటించే గుండ్రటి ముల్లు మీటర్లు మాత్రం వద్దు, అవి చూపించేది పక్కన ఉన్న గాలినీ గాజునీ, బల్లి పడుకున్న నేలని కాదు.

పై నుంచి వేడి ఇచ్చే బల్బుకి కూడా దీన్నే వాడదామనుకునేవాళ్లు ఆగండి. ఇది ఆన్, ఆఫ్ రకం. హాలోజన్ బల్బుకి తగిలిస్తే గదిలో లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, బల్బు తొందరగా పోతుంది, బల్లికి విసుగు. బల్బుకి వెలుగుని పెంచి తగ్గించే డిమ్మింగ్ రకం వేరే కొనాలి. వెలుతురు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ ఎమిటర్ అయితే దీనితో నడుస్తుంది. నేను చలికాలానికి ఒక చిన్న హాలోజన్ పైన పెట్టాను, డిమ్మింగ్ థర్మోస్టాట్‌తో, పగలు మాత్రమే. హాలోజన్ వేడి ఒంట్లోకి మ్యాట్ వేడి కంటే లోతుగా దిగుతుంది, గాలి కూడా కాస్త వెచ్చబడుతుంది. అది వచ్చాక చుక్కి పలకరాయి మీద ఒళ్లంతా పరిచి పడుకోవడం మొదలెట్టింది. మళ్లీ మొదలుపెడితే నేను మ్యాట్‌తో కాకుండా దానితోనే మొదలుపెడతానేమో. అలాగని మ్యాట్‌ని తీసెయ్యలేదు, రాత్రిపూట మా గది మరీ చల్లబడుతుంది.

ఇక పొడుల సంగతి. నా దగ్గర రెండు డబ్బాలు, విటమిన్ డి3 లేని ఒట్టి కాల్షియం ఒకటి, డి3తో పాటు విటమిన్ ఏ కూడా ఉన్న మల్టీవిటమిన్ ఒకటి. చుక్కి తినే కీచురాళ్లలో, మీల్‌వార్మ్ అనే పిండి పురుగుల్లో కాల్షియం కంటే ఫాస్ఫరస్ చాలా ఎక్కువ, బల్లికి కావలసింది దానికి తలకిందులు. పొడి పట్టించకుండా పెడితే దాని ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది, దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి. డి3 లేకపోతే మింగిన కాల్షియం ఒంటికి పట్టదు, ఎక్కువైతే అది ఒంట్లోనే పేరుకుని లోపలి అవయవాల్లో సున్నం దిగుతుంది. అందుకే అన్నీ కలిపిన ఒకే పొడి కంటే విడివిడి డబ్బాలు నాకు నచ్చాయి. ఒంట్లోనే డి3 తయారయ్యేలా చేసే యూవీబీ లైటు ట్యాంకులో ఉన్నవాళ్లు డి3 తగ్గించుకోవచ్చు. మాకు అది లేదు కాబట్టి మల్టీవిటమిన్ క్రమం తప్పకుండా పడుతుంది, ఎంత అన్నది డాక్టరునే అడిగి పెట్టుకున్నాను.

కాల్షియం పొడిలో నాకు మొదట నచ్చింది దాని సన్నదనం. పురుగుకి ముఖానికి పౌడరులా చక్కగా పట్టేది. ఆ సన్నదనమే గాజుకి కూడా అంతే చక్కగా పట్టిందని తర్వాత తెలిసింది. అది తప్పు అనను, కానీ ఇప్పుడు పురుగుల్ని డబ్బాలో వేసి కుదిపాక ఓసారి జల్లెడ మీద తట్టి మరీ వేస్తాను. ఒకేసారి గుప్పెడు వెయ్యను. కీచురాళ్లు తమని తాము శుభ్రం చేసుకుంటాయి, మిగిలిపోయినవి కాసేపట్లోనే పొడంతా వదిలించుకుంటాయి. మీల్‌వార్మ్ ఒళ్లు నున్నగా ఉంటుంది కాబట్టి దానికి పొడి నిలవదు. ట్యాంకులో ఎప్పుడూ ఉండే, కాల్షియం పోసిన చిన్న మూతని కూడా తీసేశాను, చుక్కి దాన్ని నాకడం కంటే దానిలోంచి నడవడమే ఎక్కువ. కొన్ని గెక్కోలు నిజంగా నాకుతాయట, మీది అలాంటిదైతే ఉంచుకోండి, వెచ్చటి గూటికి దూరంగా.

మల్టీవిటమిన్ వాసన మాత్రం చుక్కికి అసలు పడదు. పొడి ఎక్కువైతే పురుగుని నోట్లో పెట్టుకుని, నాలుకతో ముక్కు తుడుచుకుని, మెల్లగా వదిలేసి నా వంక చూస్తుంది. కాబట్టి బాగా ఆకలి మీదున్నప్పుడు మొదటి పురుగుకే, అదీ పలచగా. డబ్బా పెద్దది, ఒక్క బల్లికి ఎన్నాళ్లకీ అవదు. మూత తీశాక విటమిన్లు నెలల్లోనే బలం కోల్పోతాయి కాబట్టి సగం పైగా ఉండగానే పారెయ్యాల్సి వస్తోంది. చిన్న డబ్బా ఎందుకు అమ్మరో. తెరిచిన తేదీ మూత మీద మార్కరుతో రాసుకుంటున్నాను. పొడులు పనిచేస్తున్నాయా అంటే, దవడ గట్టిగా ఉంది, నడకలో వణుకు లేదు, తోక నిండుగా ఉంది. అది పొడుల వల్లేనా, వేడి సరిగ్గా ఉండటం వల్లా అని విడదీసి చెప్పలేను.

కొనాలా వద్దా అంటే, నేను ఎక్కువసేపు ఇంట్లో ఉండే మనిషిని, ట్యాంకు నా కళ్ల ముందే ఉంటుంది, ఉన్నది ఒకటే గెక్కో. ఆ పరిస్థితిలో ఇది నాకు చెల్లుతోంది. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేవాళ్లకి, రెండో థర్మామీటర్ పెట్టే ఓపిక లేనివాళ్లకి కొనమని చెప్పను. క్రెస్టెడ్ గెక్కో అనే మరో జాతిని పెంచేవాళ్లకి మామూలు గది వేడి చాలావరకు సరిపోతుంది, దానికి ఇంత వేడి పనికిరాదు కూడా, వాళ్లు ఈ గొడవలోకి దిగనక్కర్లేదు. ప్రోబుకి స్క్రూతో బిగించే క్లిప్పు, ప్రోబు స్థానం తప్పితే దానంతటది ఆగిపోయే ఏర్పాటు ఉన్న మోడల్ దొరికిన రోజున దీన్ని పక్కన పెట్టేస్తాను. దానికి డిస్‌ప్లే లేకపోయినా ఫరవాలేదు, టక్కు మాత్రం ఉండాలి.